నూనెలో మునిగిన కంప్యూటరూ... నాన్న అడిగిన ప్రశ్నా

ముందుగా ఓ ఒప్పుకోలు. నేను చదివింది ఎలక్ట్రికల్ ఇంజినీరింగు, చేస్తున్నది జావా కూలి. నాలుగేళ్ళపాటు ట్రాన్స్‌ఫార్మర్ల బొమ్మలు గీసి, వాటి మీద పరీక్షలు రాసి, ఫస్టు క్లాసులో పాసయ్యి, ఆఖరికి ట్రాన్స్‌ఫార్మర్లో పుట్టే వేడి ఎటు పోతుందన్న చిన్న ముక్క మర్చిపోయిన ఘనుణ్ణి. ఆ మతిమరపు ఖరీదు సుమారు తొమ్మిది వేల రూపాయలు, ఆ పైన ఒక పాత కంప్యూటరు. ఆ కంప్యూటరు ఖరీదు ఎంతో చెప్పడం మాత్రం కాస్త కష్టం. ఎందుకో తర్వాత చెప్తాను.

ఇంతకీ విషయం ఏంటంటే... కంప్యూటరుని, అంటే మదర్‌బోర్డు, ప్రాసెసరు, మెమరీ, గ్రాఫిక్స్ కార్డు, పవర్ సప్లై అన్నిట్నీ కలిపి, కరెంటు ప్రసరించని ఓ ద్రవంలో నిలువునా ముంచేసి చల్లబరచడం. మొదటిసారి వినేవాళ్ళకి ఇది పిచ్చిలా ఉంటుంది. కీబోర్డు మీద నాలుగు చుక్కలు టీ ఒలికితేనే గుండె ఆగిపోయే జాతి మరి మనది. కానీ ఇది నిజంగానే పనిచేస్తుంది. నీళ్ళతో కాదు, మినరల్ ఆయిల్‌తో. శుభ్రమైన నూనెలోంచి కరెంటు పోదు కాబట్టి షార్టు అవ్వదు. నెట్లో దీని వీడియోలు బోలెడున్నాయి. చేపలుండాల్సిన గాజు తొట్టెలో మదర్‌బోర్డు, అడుగు నించి లేచే బుడగలు, నీలం రంగు లైట్లు... చూస్తే కళ్ళు తిప్పుకోలేం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ళ కోసం. ఇంట్లో కంప్యూటరుకి ఈ పని చెయ్యకండి. పనిచెయ్యదని కాదు, పనిచేస్తుంది. కానీ మన ఇళ్ళలో ఉన్న సమస్య ఒకటి, ఇది తీర్చే సమస్య ఇంకొకటి.

సరే, ఓపిక ఉన్నవాళ్ళు పదండి.

ఇదేమీ నిన్న మొన్న పుట్టిన ఆలోచన కాదు. సేమూర్ క్రే తయారుచేసిన క్రే-2 సూపర్ కంప్యూటరు 1985లో వచ్చింది. దాని సర్క్యూట్లన్నీ త్రీఎమ్ కంపెనీ వారి ఫ్లోరినెర్ట్ అనే ద్రవంలో మునిగే ఉండేవి. ఇళ్ళలోకి ఈ సరదా వచ్చింది మాత్రం ఆ తర్వాత ఇరవై ఏళ్ళకి. 2006 జనవరిలో టామ్స్ హార్డ్‌వేర్ వాళ్ళు ఫ్యాన్లన్నీ పీకేసి, ఎనిమిది గ్యాలన్లు, అంటే ముప్ఫై లీటర్ల వంటనూనెలో ఒక కంప్యూటరుని ముంచి నడిపి చూపించారు. మరుసటి ఏడు, 2007లో, అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన ప్యూజెట్ సిస్టమ్స్ అనే చిన్న కంపెనీ అక్వేరియంలో మినరల్ ఆయిల్ పోసి అదే పని ఇంకాస్త అందంగా చేసింది. దానికి వచ్చిన పేరు చూసి, ఎవరికివారు ఇంట్లో బిగించుకునేలా కిట్లు కూడా అమ్మింది. తర్వాత వేరే కంపెనీకి ఈ పద్ధతి మీద పేటెంటు ఉండటంతో అమ్మకం మానేసింది. మనం చూసే వీడియోల్లో సగం వాటి పిల్లలూ, మనవలే.

వంటనూనె సంగతి ఒక ముక్క. మనవాళ్ళకి ఎవరికి చెప్పినా మొదట అడిగేది "వేరుశనగ నూనె పొయ్యొచ్చా?" అనే. పోస్తే పనిచేస్తుంది, కొన్నాళ్ళు. వంటింట్లో పొయ్యి వెనక గోడకి పట్టే జిడ్డు చూశారుగా, వేడికీ గాలికీ నూనె అలా బంకలా తయారవుతుంది. అదే జిడ్డు మీ మదర్‌బోర్డు అంతటా ఊహించుకోండి. ఆపైన పాడైన నూనె కంపు. కొబ్బరి నూనె అయితే ఇంకా తమాషా. డిసెంబరు పొద్దున్న లేచేసరికి సీసాలో గడ్డకట్టినట్టే కంప్యూటరు చుట్టూ తెల్లగా గడ్డకట్టి కూర్చుంటుంది :) అందుకే మినరల్ ఆయిల్. అది పెట్రోలియం నించి తీసింది, అంత తొందరగా పాడవదు. మందుల షాపులో విరేచనానికి ఇచ్చే లిక్విడ్ పారాఫినూ, కుట్టుమిషనుకి వేసే తెల్ల నూనే, వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్లో ఉండే నూనే... అన్నీ ఒకే వంశం.

ఇప్పుడు నా కథ.

మేముండేది నిజాంపేటలో, అయిదంతస్తుల అపార్టుమెంటులో అయిదో అంతస్తు. పైన స్లాబు, దాని పైన సూర్యుడు, మధ్యలో ఎవరూ లేరు. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి ఏసీ లేని గదిలో గోడ మీద చెయ్యి పెడితే గోడే జ్వరం వచ్చినట్టుంటుంది. పోయిన వేసవిలో నా కొత్త కంప్యూటరు మీద చిన్న చిన్న భాషా నమూనాల్ని తర్ఫీదు చేస్తూ ఉండేవాణ్ణి. ఆఫీసు పని కాదు, సొంత సరదా. గ్రాఫిక్స్ కార్డు వేడెక్కి వేగం తగ్గించుకునేది, ఫ్యాన్ల హోరుకి ఫోను వినపడేది కాదు. అదిగో, సరిగ్గా అప్పుడు ఆఫీసులో ఒక మిత్రుడు అక్వేరియం వీడియో పంపించాడు. అగ్నిలో ఆజ్యం అంటారే, అలా.

కొత్తదాన్ని ముంచడానికి ధైర్యం చాల్లేదు. ముందు పాతదాని మీద ప్రయోగం చేద్దామనుకున్నా. ఆ పాతది 2015లో కొన్నది. ఇంజినీరింగులో చేరిన ఏడు, ఖమ్మంలో నాన్న చీటీ పాడి, ఆ డబ్బుతో కొనిచ్చారు. నేను మొదటి సీ ప్రోగ్రాము రాసింది దాని మీదే. మొదటి ఉద్యోగానికి రెజ్యూమె తయారుచేసిందీ దాని మీదే. అయినా ఆ రోజు నాకు అది వట్టి 'పాత హార్డ్‌వేరు'గానే కనపడింది. పోతే పోయిందనుకున్నా.

గాజు తొట్టె కొన్నాను. ఓ కెమికల్ షాపులో ముప్ఫై లీటర్ల తెల్ల నూనె కొన్నాను. షాపతను "ఏం ఫ్యాక్టరీ సార్?" అనడిగితే "ఇంట్లోకే" అన్నాను, వింతగా చూశాడు. హార్డ్ డిస్కుకి గాలి ఆడే చిన్న రంధ్రం ఉంటుంది, నూనె లోపలికి పోతే అంతే సంగతులు కాబట్టి దాన్ని మాత్రం బయట వేలాడదీశాను. మిగతావన్నీ తొట్టెలో నిలబెట్టి నూనె పోశాను. స్విచ్చి వేసేటప్పుడు చెయ్యి వణికిన మాట నిజం. ఫ్యాన్లు నూనెలో బద్ధకంగా, గానుగెద్దులా తిరగడం మొదలెట్టాయి. తెర మీద లోగో వచ్చింది. నేను అరిచిన అరుపుకి పక్క ఫ్లాటు ఆంటీ తలుపు కొట్టారు.

నిశ్శబ్దం. అదొక్కటీ అద్భుతం, ఒప్పుకోవాలి. ప్రాసెసరు మీద పూర్తి భారం వేసి, గ్రాఫిక్స్ కార్డు మీద కూడా వేసి, మొత్తం సుమారు 200 వాట్లు లాగేలా చేసి, థర్మామీటరు ముంచి కూర్చున్నాను. గది వేడి 36 డిగ్రీలు. నూనె 33 దగ్గర మొదలైంది. పావుగంటకి చాలా కొంచెం పెరిగింది. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఫోటోలు, అభినందనలు. గంటకి 46. మూడు గంటలకి 60. సాయంత్రానికి 66 దగ్గర నిలబడింది. ప్రాసెసరు 90 చేరుకుని, మామూలు గాలి ఫ్యానుతో ఉన్నప్పటికన్నా ఎక్కువ ఇబ్బంది పడటం మొదలెట్టింది. గ్రూపులో ఈ రెండో భాగం పెట్టలేదు లెండి.

సరిగ్గా ఆ వారమే నాన్న ఊరి నించి వచ్చారు. నాన్న విద్యుత్ శాఖలో లైన్‌మన్‌గా చేరి, లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యారు. చెప్పులు విప్పుతూనే మూలన ఉన్న తొట్టె చూశారు.

"ఏరా, చేపలు కొన్నావా?"

"చేపలు కాదు నాన్నా, కంప్యూటరు."

దగ్గరకొచ్చి వంగి చూశారు. వేలు ముంచి, బొటనవేలితో రుద్ది, వాసన చూశారు. ముప్ఫై ఏళ్ళ అలవాటు అది. "తెల్ల నూనె. మా ట్రాన్స్‌ఫార్మర్ నూనెకి చుట్టం" అన్నారు. నాకు భలే గర్వంగా అనిపించింది. కాసేపు నూనె గొప్పతనం గురించి వివరించాను కూడా, ఆయనకి! అన్నీ విని, అద్దం మీద అరచెయ్యి ఆనించి, చప్పున తీసేశారు.

"కాలిపోతోంది కదరా. రేడియేటరేది?"

"అంటే... పంపూ, రేడియేటరూ తర్వాత పెడదామని..."

"నూనె వేడిని మోసుకెళ్తుంది, అంతే. ఎక్కడికి మోసుకెళ్ళాలో నువ్వు దారి పెట్టలేదు. ఈ వేడి ఎటు పోతుందిరా?"

నా దగ్గర జవాబు లేదు. ఎలక్ట్రికల్ చదివినవాళ్ళకి ఈపాటికి గుర్తొచ్చే ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ల మీద రేకు పలకలో 'ఓ.ఎన్.ఏ.ఎన్.' అని ఉంటుంది. ఆయిల్ నేచురల్, ఎయిర్ నేచురల్. వేడెక్కిన నూనె దానంతటదే పైకి లేస్తుంది, పక్కనున్న రేకుల్లోకో గొట్టాల్లోకో దిగుతూ బయటి గాలికి వేడి ఇచ్చేసి, చల్లబడి, మళ్ళీ అడుగు నించి లోపలికి వస్తుంది. ఆ రేకులే రేడియేటరు. పేరులో సగం నూనె, సగం గాలి. నేను పరీక్షలో రెండు సగాలూ రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఇంట్లో తొట్టె కట్టేటప్పటికి నూనె సగమే గుర్తుంది, గాలి సగం మర్చిపోయాను.

లెక్క వేసి చూద్దాం, మనం ఇంజినీర్లం కదా. ఒక లీటరు గాలిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి పట్టే శక్తికి, ఒక లీటరు నూనెని ఒక డిగ్రీ వేడెక్కించడానికి వెయ్యి రెట్ల పైమాటే కావాలి. నూనె గొప్పంతా అక్కడే ఉంది. నా ముప్ఫై లీటర్ల నూనె సుమారు పాతిక కిలోలు. ఒక డిగ్రీ పెరగడానికి దానికి దాదాపు 48 కిలోజౌళ్ళు కావాలి. 200 వాట్ల కంప్యూటరు అంత శక్తిని నాలుగు నిమిషాల్లో ఇచ్చేస్తుంది. అంటే బయటికి పోయే దారే లేకపోతే గంటకి 15 డిగ్రీలు. మొదటి గంట వీడియోలో అందరికీ అద్భుతంగా కనపడేది అందుకే. నూనె అప్పుడు చల్లబరచడం లేదు, వేడిని అప్పుగా దాచుకుంటోంది. తర్వాత అద్దంలోంచీ, పై నించీ పోయే వేడి, లోపల పుట్టే వేడితో సమానమయ్యేదాకా పెరుగుతూ పోయి ఒకచోట ఆగుతుంది. నా విషయంలో అది 66.

సరే, రేడియేటరు పెడితే? పంపూ, రేడియేటరూ, దానికి ఫ్యాన్లూ పెడితే నూనె చల్లగానే ఉంటుంది. ప్యూజెట్ వాళ్ళూ తర్వాతి తొట్టెల్లో ఆ పనే చేశారు. కానీ అప్పుడు మళ్ళీ ఫ్యాన్లు వచ్చాయి కదా! ఏ ఫ్యాన్ల గోల పడలేక నూనెలో మునిగామో, అవే ఫ్యాన్లు తొట్టె బయటికి చేరాయి. అంతకన్నా ముఖ్యమైన మాట, ఆ వేడి ఎక్కడికెళ్ళింది? నా గదిలోకి. 200 వాట్ల కంప్యూటరు అంటే 200 వాట్ల రూము హీటరే. గాలిలో పెట్టినా, నీళ్ళ గొట్టాలు పెట్టినా, నూనెలో ముంచినా, లాగిన ప్రతి వాటూ చివరికి వేడిగా మారి గదిలోకే వస్తుంది. గది 36 ఉంటే ఏ రేడియేటరూ నూనెని 36 కన్నా కిందకి దించలేదు. మన ఇళ్ళలో అసలు సమస్య ప్రాసెసరు నించి వేడి బయటికి రాకపోవడం కాదు. వచ్చిన వేడి గదిలోంచి పోకపోవడం. దానికి నూనె ఏం చేస్తుంది?

ఇక మిగతా తిప్పలు. వీడియోల్లో చూపించనివి ఇవే.

నూనె పాకుతుంది. దీపం వత్తి నూనెని పైకి లాగినట్టే కేబుల్ లోపలి సన్నటి తీగల మధ్యన ఎక్కి, తొట్టె అంచు దాటి, అవతలి చివర కారుతుంది. మూడో రోజు పొద్దున నా కీబోర్డు కింద చిన్న మడుగు. చాపకి పట్టిన మరక ఇప్పటికీ ఉంది.

ప్లాస్టిక్కులు మారిపోతాయి. పీవీసీ తొడుగులో మెత్తదనం కోసం కలిపే పదార్థాల్ని నూనె మెల్లగా లాగేసుకుంటుంది. కొన్ని వారాలకి నా పవర్ సప్లై కేబుళ్ళు ఎండిన పుల్లల్లా బిగుసుకుపోయాయి. స్టిక్కర్లు ఊడిపోయి తేలాయి. ప్రాసెసరు మీద రాసే పేస్టు కూడా నెమ్మదిగా కరిగిపోతుందంటారు.

చిక్కదనం ఇంకో చిక్కు. దగ్గర దగ్గరగా రేకులున్న హీట్‌సింకులు గాలి కోసం చేసినవి. నూనె వాటి మధ్యన గాలంత చురుగ్గా కదలదు.

నిప్పు. కంప్యూటరు వేడికి ఈ నూనె అంటుకోదు. కానీ ఇంట్లో ఇంకేదో కారణంతో మంట పుడితే దానికి ముప్ఫై లీటర్ల ఇంధనం సిద్ధంగా పెట్టినట్టే. పిల్లలున్న ఇంట్లో గాజు తొట్టె గురించి నేను వేరే చెప్పక్కర్లేదు.

అన్నిటికన్నా పెద్దది... వెనక్కి రాలేం. ర్యామ్ మార్చాలంటే మోచేతుల దాకా జిడ్డు. ఒకసారి ముంచిన బోర్డుని మళ్ళీ మామూలుగా చెయ్యడం ఎంత కడిగినా కుదరని పని. వారంటీ మాట ఎత్తకూడదు.

నాన్న వెళ్ళిన నెలకి, ఇక చాలనుకుని అన్నీ బయటికి తీశాను. బిగుసుకుపోయిన పెద్ద కనెక్టరు లాగుతుంటే దాని క్లిప్పు ఫట్‌మని విరిగింది. ఆల్కహాలుతో కడిగి, రెండ్రోజులు ఆరబెట్టి, ఇంకో పవర్ సప్లై తగిలించి స్విచ్చి వేస్తే... ఏం లేదు. కారణం నూనేనో, నా మొరటు చేతులో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. హార్డ్ డిస్కు బయట ఉంది కాబట్టి ఫోటోలూ, పాత ప్రోగ్రాములూ మిగిలాయి. నాన్న వచ్చినప్పుడు అది ఏ కంప్యూటరో నేను చెప్పలేదు. ఆయనా అడగలేదు. కానీ మంచం కింద ఖాళీ క్యాబినెట్టు మీద ఆయనే ఖమ్మంలో అంటించిన పసుపు బొట్టు అలాగే ఉంది. ఆయన దాన్ని చూడటం నేను చూశాను. ఆ రాత్రి భోజనాల దగ్గర ఒక్కటే అన్నారు, "పోనీలే, నేర్చుకోడానికే కదా కొన్నది" అని. తిట్టినా బాగుండేది. ఖరీదు చెప్పడం కష్టమన్నది అందుకే.

మరి ఈ పద్ధతి పూర్తిగా పనికిమాలినదా అంటే, కాదు. ఇక్కడే నేను నూనె వ్యతిరేకులతో కూడా విభేదిస్తాను. వేల మెషిన్లు ఇరుకుగా పేర్చిన చోట, ఫ్యాన్లే బోల్డంత కరెంటు తినేచోట, నూనెని పంపులతో బయటికి లాగి అక్కడే వేడి వదిలించే ఏర్పాటున్న చోట, ఇది చాలా తెలివైన పని. టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ వాళ్ళు త్సుబామే-కేఎఫ్‌సీ అనే సూపర్ కంప్యూటరుని నూనెలో ముంచి నడిపారు. తక్కువ కరెంటుతో ఎక్కువ పని చేసే యంత్రాల జాబితా గ్రీన్500లో 2013 నవంబరులో అది మొదటి స్థానం కొట్టింది. (కేఎఫ్‌సీ అంటే కెప్లర్ ఫ్లూయిడ్ కూలింగట. నూనెలో వేయించే కోడి గుర్తొస్తే నా తప్పు కాదు.) కానీ గమనించండి, అక్కడ నూనె తన వేడిని నీటికి ఇచ్చింది, ఆ నీరు బయట కూలింగ్ టవర్లో ఆవిరవుతూ గాలికి ఇచ్చింది. వాళ్ళు ముందు దారి వేసి, తర్వాత నూనె పోశారు. నేను ముందు నూనె పోసి, దారి తర్వాత చూద్దాంలే అనుకున్నాను. పులిని చూసి నక్క వాతలు పెట్టుకోవడం అంటే ఇదే.

ద్రవాల సంగతికొస్తే, అక్కడా ఇదే మరపు కనిపిస్తుంది. నూనెకి మంట భయం ఉందని ఒకప్పుడు ట్రాన్స్‌ఫార్మర్లలో మండని ద్రవాలు వాడారు, పీసీబీలని. (మన ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డు కాదు, పాలీక్లోరినేటెడ్ బైఫినైల్సు.) మండవు, పాడవవు, కరెంటు పోనివ్వవు. భేషుగ్గా ఉందనుకున్నారు. ఆ పాడవకపోవడమే కొంప ముంచింది. మట్టిలో, నీటిలో, చేపల్లో, మనుషుల్లో చేరి పోకుండా కూర్చున్నాయి. అమెరికా 1979లో వాటి తయారీని నిషేధించింది. తర్వాత ఫ్లోరిన్ ద్రవాల వంతు. మైక్రోసాఫ్ట్ వాళ్ళు 2021లో వాషింగ్టన్ రాష్ట్రంలోని క్విన్సీ డేటా సెంటర్లో సర్వర్లని 50 డిగ్రీలకే మరిగే ద్రవంలో ముంచి నడిపి చూపించారు. ద్రవం మరుగుతూ వేడిని ఆవిరిగా తీసుకెళ్తుంది. ముచ్చటైన ఆలోచనే. కానీ ఇలాంటి ద్రవాలు ఎక్కువగా పీఫాస్ అనే జాతివి. ఇవి ప్రకృతిలో తొందరగా విరగవు. వాటి తయారీ 2025 చివరికల్లా మానుకుంటామని త్రీఎమ్ 2022 డిసెంబరులో ప్రకటించింది. యంత్రానికి నచ్చే గుణమే, అంటే ఎప్పటికీ చెడిపోకపోవడమే, నేలకి శాపమైంది. ఇది కూడా 'ఎటు పోతుంది' ప్రశ్నే. కాకపోతే ఈసారి వేడి గురించి కాదు, ద్రవం గురించి.

ఇదంతా నా గదిలో తొట్టె గురించే అయితే ఇంత పొడుగు రాసేవాణ్ణి కాదు. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో అయిదేళ్ళలో 1500 కోట్ల డాలర్లతో గిగావాట్ స్థాయి ఏఐ హబ్ కడతామని ప్రకటించింది. మనవాళ్ళం అందరం స్టేటస్సులు పెట్టుకున్నాం, నేనూ పెట్టాను. ఉద్యోగాలెన్ని, ఎకరాలెన్ని అని వాదించుకున్నాం. ఒక గిగావాటంటే ఎంతో చూడండి. నా 200 వాట్ల తొట్టెలు యాభై లక్షలు. డేటా సెంటరు లాగిన కరెంటంతా కూడా చివరికి వేడే. గాలిలోకా, నీళ్ళలోకా, సముద్రంలోకా, ఎక్కడికో ఒకచోటికి అది వెళ్ళాలి. ఊరికే ఓ బండ లెక్క చెప్తాను. ఒక గిగావాటు వేడిని పూర్తిగా నీళ్ళు ఆవిరి చేసే పద్ధతిలోనే వదిలించాలంటే రోజుకి సుమారు మూడున్నర కోట్ల లీటర్లు కావాలి. ఎవరైనా అలాగే చేస్తారని నేననడం లేదు, వేరే పద్ధతులున్నాయి, ఒక్కోదానికి ఒక్కో ఖర్చుంది. కానీ ఆ ఖర్చు ఏంటి, ఎవరు పెడతారు అని అడగాల్సింది ముందుగా మనం, ఈ పని తెలిసినవాళ్ళం. చిప్పు ఎంత చల్లగా ఉందో చూపించి చప్పట్లు కొట్టించుకోవడం తేలిక. నా వాట్సాప్ గ్రూపులో నేను చేసిందదే.

అన్నట్టు, కొత్త కంప్యూటరు సంగతి చెప్పలేదు కదూ. మంచానికీ గోడకీ మధ్య ఇరుక్కున్న దాన్ని కిటికీ పక్కకి జరిపాను. ఏడాదిగా పట్టిన దుమ్ము బ్రష్షుతోనూ, బ్లోవరుతోనూ దులిపాను, అప్పుడే కొన్ని డిగ్రీలు తగ్గింది. గ్రాఫిక్స్ కార్డు తాగే కరెంటుకి సాఫ్ట్‌వేరులోనే పరిమితి పెట్టాను. ముప్ఫై శాతం కరెంటు తగ్గిస్తే నా పనుల్లో వేగం తగ్గింది ఏడెనిమిది శాతమే. పెద్ద పనులు రాత్రి పదింటి తర్వాత మొదలెడుతున్నాను, గది చల్లబడ్డాక. కిటికీ పై అద్దం తీసేసి ఓ ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించాం. బిగించింది నాన్నే, నేను స్టూలు పట్టుకున్నాను. మొత్తం ఖర్చు రెండు వేలు దాటలేదు. చూడ్డానికి ఏమీ బాగుండదు, ఎవరికీ ఫోటో పంపలేం. కానీ వేడి బయటికి పోతోంది.

ఆ ముప్ఫై లీటర్ల నూనె ఏం చేశానంటారా? మురిక్కాలవలో పొయ్యడానికి మనసొప్పలేదు, పొయ్యకూడదు కూడా. చాలావరకు డబ్బాల్లోనే బాల్కనీలో ఉంది, పాత నూనె సరిగ్గా తీసుకునేవాళ్ళ కోసం వెతుకుతున్నాను. ఒక సీసాడు మాత్రం వడకట్టి అమ్మ ఊరికి పట్టుకెళ్ళింది. కుట్టుమిషను ఇప్పుడు హాయిగా తిరుగుతోందట, పదేళ్ళకి సరిపడా నూనె ఇచ్చానని పక్కింటివాళ్ళకి గొప్పగా చెప్పుకుంటోంది :)

తొట్టె ఖాళీగా ఉంది. ఈసారి చేపలే కొందామనుకుంటున్నాను.